కలియుగ భీముని కసరత్తు: ప్రొఫెసర్ కోడి రామమూర్తి నాయుడు

తెలుగునాట దేహబలమును గురించిన ప్రస్తావన వచ్చినప్పుడెల్లా మొదట స్ఫురించే పేరు కోడి రామమూర్తి నాయుడుగారిది. మన గుంటూరు, ప్రకాశం మండలాల పల్లెలలో ఒక కుర్రవాడు రొమ్ము విరుచుకొని నడిస్తే, పెద్దలు ఆయనతో పోల్చి హాస్యమాడడం నేటికీ వినవచ్చును. అయితే పేరు సామెతగా మారినకొలదీ మనిషి మరుగున పడినాడు. రొమ్ముపై ఏనుగు, తెగిన ఇనుప గొలుసు, కదలని మోటారు కారు — ఈ మూడు చిత్రములు మాత్రమే మనకు మిగిలినవి. ఈ మూడింటికీ వెనుక ఒక డ్రిల్లు మాస్టారు ఉన్నాడు. నాకు ఆ డ్రిల్లు మాస్టారిమీదనే మక్కువ ఎక్కువ.

రామమూర్తి జన్మస్థలం వీరఘట్టం. అది నేటి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. పుట్టిన సంవత్సరం గ్రంథాలలో 1882 అనీ, 1885 అనీ రెండు విధాలుగా కనిపిస్తుంది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్ననాడే గతించినందున బాలుడు తండ్రి పెంపకంలోనే పెరిగినాడు. చదువుమీద కంటె ఆటపాటలమీద, తగవులమీద ఆసక్తి మెండు. ఊరి సమీపమందలి అడవిలో ఒక సాధువు ఆయనకు యోగాభ్యాసం నేర్పినాడని ఒక కథ ఉన్నది. మహాబలుల చరిత్రలన్నింటిలోనూ ఇటువంటి సాధువు ఒకడు తటస్థపడుతూనే ఉంటాడు గనుక, ఆ కథను నేను గౌరవంతో ప్రక్కన ఉంచుతున్నాను. నిశ్చయంగా చెప్పదగిన మలుపు మరొకటి: కుమారుని అల్లరికి విసిగిన తండ్రి అతనిని విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపినాడు. ఆయన పోలీసుశాఖలో ఉద్యోగి. పిల్లవాని ఉద్రేకమును అణచుటకు బదులు దానికొక దారి చూపవలెనని తలచి, వ్యాయామశాలలో చేర్పించినాడు. ఆ పినతండ్రి గారి పేరు చరిత్రలో ఒక పంక్తికి మించి లేదు. కాని ఆ నిర్ణయమే లేకున్న ఈ వ్యాసమే లేదు.

ఆనాటి వ్యాయామశాల ఎట్లుండేదో నేటి విద్యార్థులకు కొంచెం చెప్పవలసి ఉన్నది. ఇనుప బరువుల కంటె సాధకుని స్వంత శరీరమే అక్కడ ముఖ్య పరికరం. దండీలు, బస్కీలు, సాము, గరిడీ, లోడీలు త్రిప్పుట, గోదాలో కుస్తీ, ఇవే పాఠ్యాంశములు. ఇక్కడ ఒక మాట ముచ్చట చెప్పక ముందుకు సాగలేకున్నాను. ఉర్దూ, తెలుగు రెండూ చదువుకొనే మన విద్యార్థులకు ఇది ప్రత్యేకంగా నచ్చవలెను. మనం వస్తాదు అనేది ఉస్తాద్ అన్న మాటయే. అక్కడ గురువు అని అర్థం, తెలుగులోకి వచ్చేసరికి కండలు తిరిగిన యోధుడయినాడు. తాలీం అంటే విద్య. తాలీంఖానా అంటే మన ఊళ్ళలో కుస్తీశాల. కసరత్తు అన్న మాటకు మూలమైన అరబ్బీ పదానికి ఆధిక్యము, బాహుళ్యము అని అర్థం. అనగా ఒకే పనిని మరల మరల, అనేక పర్యాయములు చేయుట. బలము ఎక్కడినుండి వస్తుందో ఆ పదమే చెబుతున్నది. పీర్ల పండుగనాడు మన పల్లెలలో కర్రసాము చేసే యువకులలో హిందువులెవరో ముసల్మానులెవరో గుర్తించడం కష్టమైనట్లే, ఈ మాటలలో ఏది ఎవరిదో విడదీయడం కూడా కష్టమే.

విజయనగరంలో రామమూర్తి ఏండ్లతరబడి ఈ కసరత్తులోనే మునిగినాడు. ఇరువది యొకటవ ఏట రొమ్ముపై ఒకటిన్నర టన్ను బరువును భరించి చూపరులను ఆశ్చర్యచకితులను గావించినాడనీ, తరువాతి కాలంలో అది మూడు టన్నులకు పెరిగినదనీ ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు. ఈ అంకెలు చదివినవారు సాధారణంగా మూడు టన్నుల దగ్గర ఆగి నోరు తెరుస్తారు. నా దృష్టి మాత్రం ఒకటిన్నరకూ మూడుకూ నడుమనున్న దూరంమీద నిలుస్తుంది. ఆ దూరం ఒక్క దూకులో దాటినది కాదు.

అనంతరం ఆయన మదరాసు చేరి, సైదాపేట కళాశాలలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, ఉపాధ్యాయునిగా అర్హత సంపాదించినారు. హారీ క్రో బక్ మదరాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించినది 1920లో. అంతకు చాలా ముందే, వ్యాయామమును కూడా పాఠముగా నేర్చుకొని పాఠముగా చెప్పవలెనన్న స్పృహ ఈ వీరఘట్టం యువకునికి కలిగినదంటే అది సామాన్య విషయం కాదు. విజయనగరం తిరిగివచ్చి, తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులుగా చేరినారు. ఉత్తర హిందూస్థానంలో ఆయనను ప్రొఫెసర్ రామమూర్తి అని పిలిచేవారు. సర్కసు వారికి ఆ బిరుదు తగిలించుట ఆ కాలపు ఆచారమే గాని, ఈయన విషయంలో అది పూర్తిగా అబద్ధం కాదు.

ఆ కాలంలో దేశమంతటా దేహదారుఢ్యమును గురించి ఒక ఉత్సాహం చెలరేగినది. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన యూజెన్ సాండో 1904-05లో భారతదేశంలో పర్యటించి తన కండరముల సౌష్ఠవమును ప్రదర్శించినాడు. అంతకు పూర్వమే 1880లో విష్ణుపంత్ ఛత్రే మహారాష్ట్రంలో తొలి భారతీయ సర్కసును నెలకొల్పినారు. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంఞిక్కణ్ణన్ అనే వ్యాయామోపాధ్యాయుడు సర్కసు విద్యకు పాఠశాలయే నడిపినారు. పరాయి పాలనలో, దుర్బలులన్న నిందను మోస్తున్న జాతికి సర్కసు డేరా ఒక విధమైన సభామండపమయినది. రామమూర్తిగారు ఆ బాటనే పట్టినారు. పొట్టి పంతులు అన్న మిత్రుని ప్రోద్బలం, తుని రాజావారి ప్రోత్సాహం తోడై సర్కసు కంపెనీ వెలసినది. ఉద్యోగం వదలి డేరా ఎత్తుకొని ఊరూరా తిరుగుటకు నిశ్చయించుకొనుట ఆనాటి ఉపాధ్యాయునికి చిన్న సాహసం కాదు.

ఇక ఆ మూడు చిత్రముల సంగతి. రెండు భుజములకు గొలుసులు తగిలించి, వాటి కొసలను రెండు మోటారు కార్లకు కట్టి, ఆ కార్లను ఎదురెదురు దిక్కులకు నడిపించమనేవారు. చక్రములు తిరిగేవి గాని కార్లు కదిలేవి కావు. వైస్రాయి మింటో ప్రభువు విశాఖపట్టణం వచ్చినప్పుడు ఆయన కారును ఇట్లే ఆపినారని చెప్పుకుంటారు. దేహమునకు ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి పూరించి, రొమ్ము ఉబ్బించి దానిని త్రెంచేవారు. వెల్లకిల పరుండి రొమ్ముపై పలక పరపించుకొని దానిమీద ఏనుగును నిలిపేవారు.

విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థులు వీటిని కొంచెం పరిశీలించవలెను. రెండు కార్లు రెండు వైపులకు లాగినప్పుడు నడుమనున్న మనిషిపై పడేది రెండింతల బలం కాదు. ఒక కారును గోడకు కట్టి లాగినప్పుడు ఆ గోడపై పడేంతయే. ఆ లాగుడు చక్రమునకూ నేలకూ గల రాపిడిని మించజాలదు. మించితే చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. పైగా ఆనాటి కార్ల శక్తి స్వల్పం. 1908లో వెలువడి లోకప్రసిద్ధి చెందిన ఫోర్డు మోడల్ టి కారు శక్తి ఇరువది అశ్వబలములు మాత్రమే. ఏనుగు నిలిచిన పలక బరువును రొమ్మంతటా పరచుతుంది. పలక కొసలు నేలకు ఆనియున్నచో కొంత భారమును నేలయే మోస్తుంది. ఇట్లు చెప్పినంత మాత్రాన ఆయన గొప్పతనం తరిగిపోదు. రాపిడికి లోబడిన లాగుడైనా సరే, కొన్ని క్వింటాళ్ళ బలం ఒక్క మనిషి భుజముల కీళ్ళగుండా పోతున్నది. పరచిన భారమైనా సరే, దాని క్రింద ప్రక్కటెముకలు నిలువవలెను. ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు చూచిన మన ప్రాంతం వారికి లాగుడంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆ గిత్తను కూడా తొలినాడే పెద్ద బండకు కట్టరు గదా!

ఇక్కడనే నేను విద్యార్థులకు చెప్పదలచిన అసలు విషయం ఉన్నది. మన కళాశాల ఆటస్థలంలో సింగిల్ బార్ వద్ద సాయంకాలం గుమిగూడేవారిలో పలువురికి ఒక పట్టుమీద మోజు. బార్‌ను రెండు చేతులతో పట్టి, మోచేతులు వంచక, ముఖం ఆకాశం వైపుగా శరీరమంతటినీ నేలకు సమాంతరంగా బల్లపరుపుగా నిలుపుట. దీనిని ఫ్రంట్ లీవర్ అంటారు. జర్మనీలో ఫ్రెడరిక్ లుడ్విగ్ యాన్ 1811లో బెర్లిను నగరపు వెలుపల తొలి బహిరంగ వ్యాయామ క్షేత్రం తెరచి ఈ బార్‌ల సాధనకు ప్రచారం కల్పించినాడు. నేటి అంతర్జాతీయ జిమ్నాస్టిక్సులో రింగులమీద ఈ పట్టును అన్నిటికంటె సులభమైన మొదటి తరగతిలో చేర్చినారంటే మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. మన మైదానంలో దానిని రెండు క్షణములు నిలిపినవాడు వీరుడు! రామమూర్తిగారికి ఈ పట్టును అంటగట్టడం నా ఉద్దేశం కాదు. అటువంటి భారీ దేహమునకు ఇది మిక్కిలి కష్టసాధ్యం. ఒకటిన్నర టన్నునుండి మూడు టన్నులకు పోయిన క్రమమే దీనికీ వర్తిస్తుందనుటయే నా అభిప్రాయం.

ఏనుగుకు బదులు ఇక్కడ దూరమే బరువు. మిర్చి యార్డులో హమాలీ టిక్కీని మెడకు ఆనించి పరుగులాంటి నడకతో పోతాడు. ఆ బరువులో పదవ వంతునైనా చేయి చాచి ఎదుట పట్టుకొని నిలువమంటే నాలుగు క్షణములకు చేయి వణుకుతుంది. బరువు ఎంత అన్నదే కాదు, ఆధారమునకు ఎంత దూరంలో ఉన్నది అన్నది కూడా లెక్కకు వస్తుంది. ఏతం త్రొక్కిన రైతుకు ఇది పుస్తకం చదవకయే తెలిసిన సంగతి. కనుక ఈ పట్టును సాధించగోరువాడు తన బరువును తగ్గించుకోలేకపోయినా, దూరమును తగ్గించుకొనవచ్చును. మొదట మోకాళ్ళను రొమ్మునకు హత్తుకొని, ముడుచుకొన్న దేహంతో వీపును మాత్రం నేలకు సమాంతరంగా నిలుపవలెను. అది పది పదిహేను సెకనులు కదలక నిలిచిన తరువాత, వీపును చదును చేసి మోకాళ్ళను కొంచెం దూరం జరుపవలెను. తరువాత ఒక కాలు చాచి, రెండవది ముడిచి. ఆ తరువాత రెండు కాళ్ళూ ఎడంగా చాచి. చివరకు రెండూ కలిపి. ఒక్కొక్క మెట్టుకు వారములు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. మొత్తం మీద ఏడాది పట్టినా నిదానమనరాదు.

మెట్టు దాటే తొందరలో ఉన్నవానిని గుర్తించుటకు రెండు ఆనవాళ్ళున్నవి. మోచేతులు వంగుతవి, నడుము క్రిందికి జారుతుంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా వెనుకటి మెట్టుకు మరలవలెను. కండ త్వరగా బలపడుతుంది. కండను ఎముకకు కట్టే నరముల వంటి స్నాయువులు మాత్రం నెమ్మదిగా గట్టిపడుతవి. అందువలన కండ సిద్ధమయినది గదా అని మోచేతికి, భుజమునకు భారం పెంచినవాడు నొప్పితో నెలలు కూర్చుంటాడు. బార్‌పై గడ్డం దాటునట్లు ఎనిమిది పది సార్లయినా పైకి లాగుకోలేనివాడు అసలు ఈ జోలికి పోరాదు. వారంలో రెండు మూడు దినములు చాలును. నడుమ విశ్రాంతి ఉండవలెను. ఊపిరి మాత్రం బిగబట్టరాదు. రామమూర్తిగారి వాయుస్తంభనను గూర్చి విని ఊపిరి బిగించి బలం చూపబోయేవారున్నారు. బిగించిన శ్వాసతో శ్రమించినప్పుడు రక్తపు పోటు ఒక్కసారిగా పెరుగుతుంది, కన్ను చీకట్లు క్రమ్మి చేయి జారుతుంది. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఈ సందర్భంలో ఒక విన్నపం: బార్ క్రింద నేల గట్టిపడి రాయివలె ఉన్నది. నాలుగు బండ్ల ఇసుక పోయిస్తే ఒక చేయి విరుగుట తప్పవచ్చును.

పండుగ ఊరేగింపులలో రొమ్ముపై బండ పెట్టించుకొని సమ్మెటతో కొట్టించుకొనే యువకులను చూచినప్పుడు నాకు బాధ కలుగుతుంది. బండ ఎంత పెద్దదైతే దెబ్బ అంత తక్కువగా దిగుతుందన్నది పదార్థ జడత్వమునకు సంబంధించిన చిన్న పాఠం. ఆ పాఠం తెలియనివాడు ధైర్యం తక్కువై చిన్న బండ ఎంచుకొన్నచో ప్రాణమునకే ముప్పు. వీరందరూ రామమూర్తి పేరే చెబుతారు. ఆయన చివరి దృశ్యమును అనుకరిస్తారు గాని తొలి దినచర్యను అనుకరించరు.

సర్కసు పెరిగి దేశమంతటా పర్యటించినది. పూనాలో బాలగంగాధర తిలక్ ఆయనను ఆదరించి, మల్లమార్తాండ అన్న బిరుదుతో సత్కరించినారని చరిత్రకారులు వ్రాసినారు. మదనమోహన మాళవ్యా అలహాబాదుకు ఆహ్వానించినారు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణీల సమక్షంలో ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులీస్ అనిపించుకొన్నారనీ, స్పెయిను దేశంలో కోడెపోరు గోదాలోకి దిగినారనీ చెబుతారు. తెలుగువారికి మాత్రం ఆయన కలియుగ భీముడే. అంతటి దేహమూ శాకాహారంతోనే పెరిగినది. ఆయన మాంసం ముట్టేవారు కారు.

ఆయన శిష్యులలో ఒకరిని ఇక్కడ తప్పక తలచుకోవలెను. కలకత్తాలో రామమూర్తి సర్కసును చూచి ముగ్ధుడై ఇల్లు విడిచి ఆయన వెంట వచ్చిన బెంగాలీ యువకుడు భవేంద్రమోహన్ సాహా. కంపెనీతో కలసి రంగూను, సింగపూరు, జావా వరకు వెళ్ళి, తరువాత భీమ భవానీ అన్న పేరుతో స్వయంగా ప్రసిద్ధుడైనాడు. 1890లో పుట్టిన ఈ శిష్యుడు 1922లోనే గతించినాడు. గురువు మరి ఇరువది సంవత్సరములు బ్రతికినారు.

అదే తరమునకు చెందిన మరొక మహాబలుడు గామా పహిల్వాన్. 1878లో జన్మించినారు. పదేండ్ల ప్రాయంలో జోధపూరులో బస్కీల పోటీకి దిగి, నాలుగువందలకు పైబడిన పెద్దవారి నడుమ చివరి వరకు నిలిచి మహారాజును మెప్పించినారని ప్రతీతి. 1910 సెప్టెంబరు 10న లండనులో పోలెండు వీరుడు జిబిస్కోతో రెండున్నర గంటలకు పైగా పోరాడినారు. ఫలితం తేలలేదు, వారం తరువాత జరుగవలసిన రెండవ పోరుకు జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో ఆ ఇద్దరూ మరల తలపడినప్పుడు నిమిషమైనా పట్టకుండ గామా అతనిని పడగొట్టినారు. గామా గోదాలో ఎదుటి మనిషితో పెనగులాడినారు. రామమూర్తి డేరాలో ఇనుముతో, ఏనుగుతో పెనగులాడినారు. ఎదుటి మనిషి ఓడినప్పుడు లెక్క పత్రికలకు ఎక్కుతుంది. ఇనుము ఓడినప్పుడు కథ మాత్రమే మిగులుతుంది. గామా జీవితమునకు తేదీలు ఇన్ని దొరకుటకూ, మన రామమూర్తి జీవితమునకు అవి అరుదగుటకూ ఇదియే ప్రధాన కారణమని నా ఊహ. గామా 1960లో లాహోరులో మరణించినారు.

సర్కసు వ్యాపారం బలముతో నడిచేది కాదు. జంతువుల మేత, నూరుమంది కళాకారుల భత్యములు, రైలు కిరాయిలు, వానలు — వీటిముందు రొమ్ము ఎంత వెడల్పయితేనేమి? ఆర్జించినది దానధర్మములకూ, దేశకార్యములకూ ధారాళంగా ఇచ్చివేసినందున చివరి దశలో చేతిలో మిగిలినది స్వల్పం. అన్నిటికీ మించిన విపత్తు ఆ కాలికి వచ్చిన వ్రణం. ఎంతకూ మానకపోవుటచే కాలు తీసివేయవలసి వచ్చినది. శస్త్రచికిత్స సమయంలో మత్తుమందును నిరాకరించి, ప్రాణాయామ బలముతోనే ఆ బాధను సహించినారని వ్రాసినారు. దీనిని నమ్ముటకు నాకు కష్టం లేదు. నన్ను కలచివేసేది ఆ తరువాతి దినములే. రెండు కాళ్ళమీద నిలిచి రెండు కార్లను ఆపిన మనిషికి ఉదయం లేచి దండీలు తీయుట కూడ సాధ్యం కాని దినములు వచ్చినవి. ఏండ్లతరబడి ఏ క్రమమును అనుసరించి ఆ దేహమును నిర్మించుకొన్నాడో దానిని పాఠముగా నేర్పే వ్యాయామ విద్యాలయం ఒకటి ఆయన పేర నడిచి ఉంటే, ఆ దినములలో కుర్చీలో కూర్చుండియైనా ఆయన డ్రిల్లు మాస్టారుగానే ఉండేవారు.

చివరి కాలం ఒరిస్సాలోని బలంగీరులో గడిచినది. 1942 జనవరిలో, సంక్రాంతి దినములలో అక్కడనే కన్నుమూసినారు. శ్రీకాకుళంలోని క్రీడామైదానం ఆయన పేరుతో ఉన్నది. విశాఖపట్టణపు సముద్రతీర మార్గంలో ఆయన విగ్రహం నిలిచి ఉన్నది.